టికెట్ కౌంటర్ ముందు అవ్వ చెప్పులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. జనగామలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆ రోజు భూపాలపల్లి స్టేడియం ముందు ఎవరితోనూ పెద్ద లొల్లి పెట్టుకోకుండా ఇంటికి వచ్చానంటే మా ఆయన ఇప్పటికీ నమ్మడు. ఆయన వరికోత మిషన్ నడుపుతాడు. కోతల కాలం కాబట్టి మా వెంట రాలేకపోయాడు. వచ్చి ఉంటే నమ్మేవాడు.

మా బిడ్డ ఫుట్‌బాల్ ఆడుతుంది. డిగ్రీలో చేరిన ఏడాదే ఆటలో మోకాలు మెలిపడి కింద పడింది. లోపల నరం తెగిందని హన్మకొండ దవాఖానలో ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన వారానికే బయ్యారం పక్క పల్లె నుంచి మా అవ్వ మూటతో దిగింది. అవ్వ అంటే మా అమ్మే, మేం తల్లిని అట్లాగే పిలుస్తాం. డాక్టర్ చెప్పిన కసరత్తులు చేయించడం నా పని. అవి చేసి ఏడ్చే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని కాళ్లకు నూనె రాయడం అవ్వ పని. వానాకాలమంతా మా ఇల్లు ఆముదం వాసనే.

డాక్టర్ నడవమన్నాడు, నడిచింది. ఇక ఉరకవచ్చన్నాడు. అదే చేతకాలేదు. కాలు బాగైంది గానీ భయం పోలేదు. బంతి తన వైపు వస్తే ఆ కాలు మీద బరువు వేయకుండా కుంటుతూ పక్కకు జరిగేది. నేను అరిచేదాన్ని, అరిచి లోపలికి పోయి నేనే ఏడ్చేదాన్ని.  అవ్వ మాత్రం మర్నాడు మళ్లీ నూనె గిన్నె తెచ్చుకునేది.

ఆ చలికాలంలోనే జిల్లాల ఆడపిల్లల పోటీలు పెట్టారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు చోట్లా కొత్తగా కట్టిన స్టేడియాల్లో ఆటలు. టికెట్లు ఆట రోజే, గేటు పక్కన కౌంటర్‌లోనే ఇస్తారు. ముందు రోజు ఇవ్వరు, ఫోన్‌లో దొరకవు.

జనగామలో మొదటి ఆటకు పోతే కౌంటర్‌లో కూర్చున్నతను కునుకు తీస్తున్నాడు. అవ్వ కిటికీ తట్టి లేపింది.

"ఎన్ని గావాలె అవ్వా?" అన్నాడతను కళ్లు నులుముకుంటూ.

"నీ తాన ఎన్నున్నయ్?" అంది అవ్వ, గంపలో వంకాయల లెక్క అడిగినట్టు. లోపల నచ్చిన చోట కూర్చున్నాం. మా పిల్లను ఆటలోకి దించలేదు, బయట బెంచీ మీదే కూర్చోబెట్టారు.

అదే ధీమాతో రెండో ఆటకు తీరుబడిగా బయలుదేరాం. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. ఆ మానుకోట మొత్తం స్టేడియం ముందే ఉంది! మేం పోయేసరికి కౌంటర్ రేకు దించేశారు. గోడ బయట కూర్చుని లోపలి కేకలు విని వచ్చాం. ఆ రోజు కూడా పిల్ల బెంచీ మీదే ఉంది కాబట్టి మేం పోగొట్టుకున్నదేమీ లేదని సర్దిచెప్పుకున్నాం. జనగామ జట్టు మాత్రం గెలిచింది. చివరి ఆట భూపాలపల్లిలో.

ఆట నేర్పే సారు పిల్లను పిలిచి చెప్పాడట, ఈసారి మొదటి నుంచీ నిన్నే దించుతాను, ఉరికితే జట్టులో ఉంటావు, ఉరకకపోతే నీ జాగాలో వేరే పిల్లను తీసుకోక తప్పదు అని. పిల్ల ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా అవ్వ పక్కన కూలబడింది.

"అమ్మమ్మా, నువ్వు లోపటికి రావాలె. గోలు పక్కపొంటి నాకు కనవడేటట్టు కూసో. నువ్వు కనవడితె ఉరుకుత."

"మరి నేను?" అన్నాను.

"నువ్వు గూడ రా అమ్మా. గని అరువకు."

నాకు నవ్వు వచ్చింది, ఉక్రోషం కూడా వచ్చింది. నేను చివరిసారి నా బిడ్డ ఉరకడం చూసింది అది కింద పడ్డ రోజే. ఆ పడటం నా కళ్లలోంచి పోవడం లేదు. జాకెట్ కుడుతుంటే కూడా అదే కనిపించేది. మళ్లీ ఒక్కసారి అది ఉరకడం చూస్తే తప్ప పోదని నాకు తెలుసు. అరవకుండా నోట్లో కొంగు కుక్కుకునైనా కూర్చుందామనుకున్నాను.

మానుకోటలో బుద్ధి వచ్చింది కాబట్టి ఈసారి తెల్లారే మొదటి బస్సు ఎక్కాం. పిల్లలంతా ముందు రోజే పోయారు. హన్మకొండలో బస్సు మారాం. రేగొండ దగ్గర రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోసి ఉంటే డ్రైవర్ విసుక్కుంటూ మెల్లగా పోనిచ్చాడు. మేం దిగేసరికి స్టేడియం ముందు పిట్ట లేదు. గోడలకు రంగు వాసన ఇంకా పోలేదు. కూర్చునే మెట్లు ఒక్క వైపే కట్టారట, రెండో వైపు ఇంకా ఇనుప చువ్వలే ఉన్నాయి. కౌంటర్ మూసే ఉంది.

అవ్వ నేరుగా పోయి, కాళ్ల నుంచి నీలం పట్టీల చెప్పులు విడిచి, కౌంటర్ కిటికీ కింద పక్కపక్కన సర్ది పెట్టింది.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?"

"లైన్ల వెట్టిన."

యూరియా దొరకని రోజుల్లో దుకాణం ముందు మా వైపు రైతులు చేసే పని అది. పొద్దున్నే వచ్చి చెప్పులు వరసలో పెట్టి నీడన కూర్చుంటారు. చెప్పులు ఉన్నాయంటే మనిషి ఉన్నట్టే, ఎవరూ దాటరు. అవ్వ ఆ వరసల్లో ఎన్నోసార్లు నిలబడింది.

"గిది యూరియా దుకాణమా? నవ్వుతరే!" అన్నాను. కానీ మానుకోట గుర్తొచ్చి నా చెప్పులు కూడా విడవబోయాను. అవ్వ చేయి అడ్డం పెట్టింది.

"ఇంటికి ఒక్క జోడు. రెండు వెడితె ఎనుకటోళ్లు ఊకుంటరా?"

అదీ నిజమే. యూరియా దగ్గర ఇంటి నుంచి ఎంతమంది వచ్చినా ఒక్క జోడే పెడతారు. సరేనని గోడ నీడన కూర్చున్నాం.

తర్వాత రేగొండ నుంచి ఒకాయన భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో వచ్చాడు. కిటికీ కింద చెప్పులు చూశాడు, నీడన కూర్చున్న అవ్వ ఒట్టి కాళ్లు చూశాడు.  తన తోలు చెప్పులు తీసి అవ్వ చెప్పుల వెనుక పెట్టాడు. ఆ వెనుక ఒక తువ్వాల మీద రాయి, తర్వాత ఒక నీళ్ల సీసా, ఆపైన చెప్పులే చెప్పులు. ఒకరికొకరు చెప్పుకున్నది లేదు. ప్రతి ఇంటికీ ఒక్కటే. అందరం గోడ పక్కన చేరి ఉడకబెట్టిన శనగ గుడాలు పంచుకుని తిన్నాం.

ఎండ కాస్త ఎక్కాక గేటు తెరిచి కాపలా అతను బయటికి వచ్చాడు. ఎవరో పెద్దాయన కారు వస్తుందట.

"గీ చెప్పుల దుకాణం ఏందిరా నాయినా!" అంటూ కట్టెతో ఆ వరసనంతా ఊడ్చి గేటు పక్కన కుప్ప పోశాడు. అదే వేళకు కౌంటర్ రేకు లేచింది.  అందరూ లేచి ఉరికారు. ఇక తొక్కులాటే అనుకుని నేను కొంగు బిగించాను.

తొక్కులాట జరగలేదు. అవ్వ కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. "నీలం పట్టీల జోడు ఎనుక నాది," అంటూ రేగొండాయన నిలబడ్డాడు. "నీ ఎనుక నా తువ్వాల." "తువ్వాల ఎనుక సీసా, సీసా ఎవలిది?" చూస్తుండగానే చెప్పులున్న వరసలోనే మనుషులు నిలబడ్డారు. కాపలా అతను కట్టె చంకన పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

"రెండియ్యి బిడ్డా," అంది అవ్వ.

"ఒక్కలకు ఒక్కటే అవ్వా. మెట్లు ఒక్క దిక్కే ఉన్నయ్, జాగ లేదు."

"ఇంటికి ఒక్కటా?"

"ఇంటికి గాదవ్వా, మనిషికి. ఎవలది వాళ్లే తీసుకోవాలె."

అవ్వ ముఖం పాలిపోయింది. నేను చటుక్కున అవ్వ వెనుక దూరాను. రేగొండాయన మెత్తగానే అన్నాడు, "అక్కా, ముందట ఒక్క జోడే ఉండె గదా."

నేను ఊరుకునే మనిషినా? నోరు తెరిచాను. అప్పుడే ఆయన భార్య, ఇద్దరు ఆడపిల్లలు కనిపించారు. వాళ్లూ పక్కన బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. వాళ్లదీ ఒక్క జోడే.  పోయి చివర నిలబడ్డాను. ప్రతి ఇంట్లోనూ మిగిలినవాళ్లంతా అట్లాగే వచ్చి చివర చేరారు. మా దాకా రాకముందే రేకు దిగిపోయింది.

"ఆడేది నా బిడ్డ!" అని రేకు మీద చేత్తో బాదాను.

"నన్నేం జేయమంటవక్కా? జాగ లేదు," అన్నాడు లోపలి నుంచి. ఆ గొంతులో పొగరు ఉంటే తిట్టడానికి బాగుండేది, అదీ లేదు.

అవ్వ వచ్చి టికెట్ నా ముందుకు చాచింది. "నువ్వు పో బిడ్డా. కన్నదానివి."

అబద్ధం ఎందుకు, నా చేయి ముందుకు పోయింది. ఆ కాగితం ముక్క నాకు ఎంత కావాలనిపించిందో చెప్పలేను. కానీ పిల్ల అడిగింది నన్ను కాదు. అవ్వ గుప్పిట మూసి, "నువ్వే పో. గోలు పక్కపొంటి కూసో," అన్నాను.

"నా చెప్పులు?"

"నేను దేవులాడుత. నువ్వు పో."

అవ్వ ఒట్టి కాళ్లతోనే లోపలికి పోయింది. బయట మిగిలిన మేమంతా చెప్పుల కుప్ప చుట్టూ కూర్చుని మా మా జోళ్లు వెతుక్కున్నాం. లోపల కేక లేస్తే మా తలలు లేచేవి. "గోలైందా?" అనేది రేగొండాయన భార్య. "ఎవలకైందో!" అనేదాన్ని. అవ్వ చెప్పు ఒకటి పైనే దొరికింది, రెండోది అడుగున ఉంది. రెండూ ఒళ్లో పెట్టుకున్నాను. ఒకసారి జనమంతా అయ్యో అని అరిచారు. నా పిల్ల మళ్లీ పడిందనే అనుకున్నాను. గేటు దగ్గరికి ఉరికాను.

"నీ బిడ్డకేం గాలేదక్కా, బంతి బయటికి పోయింది," అన్నాడు కాపలా అతను. అతను తొంగి చూసి చెప్పాడో, నన్ను చూసి చెప్పాడో మరి.

ఆట అయిపోయి జనం బయటపడ్డారు. వాళ్ల మధ్యలో అవ్వ. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"గెలిచినమా?"

"అదేమో నాకెర్క లేదు," అంది. ఓడిపోయామని తర్వాత తెలిసింది.

"మరి పిల్ల?"

"ఉరికింది."

నాకు ఆ ఒక్క మాట చాలలేదు. "ఎట్ల ఉరికింది అవ్వా? చెప్పు, ఎట్ల ఉరికింది?"

అవ్వ నోరు తెరిచింది, చేతులు ఊపింది. తన చేతిలోని సంచి నా భుజానికి తగిలించి, కొంగు నడుముకు చెక్కుకుంది. మూసి ఉన్న కౌంటర్ ముందు, ఆ సిమెంటు మీద, ఒట్టి కాళ్లతో ఉరికింది. అవ్వ మోకాళ్లు కూర్చుంటే లేవనివ్వని మోకాళ్లు. మొదట కుడికాలు సగమే మోపుతూ, కుంటుతూ, పక్కకు జరుగుతూ పోయింది. ఇన్ని నెలలు నా కళ్ల ముందు నా బిడ్డ చేసింది అచ్చం అదే. తర్వాత ఆ కాలు మొత్తం మోపింది. మోపి ఉరికింది. గేటు అవతలి నీళ్ల నల్లా దాకా పోయి, తిరిగి నా ముందుకు వచ్చి ఆగింది. రేగొండాయన భార్య నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"గిట్ల," అంది అవ్వ రొప్పుతూ. "గిట్ల ఉరికింది."

చెప్పులు నా చేతుల్లోనే ఉన్నాయి. వేసుకొమ్మని ఇవ్వాలి గదా, ఇవ్వలేదు.

"ఇంకొక్కసారి ఉరుకు అవ్వా," అన్నాను.

అవ్వ మళ్లీ ఉరికింది.