నడిమి సంపుటం లేని బేరం

పదిహేను రూపాయల పుస్తకాలను ఆరు రూపాయలకు కొన్నవాడు ఆ ఏడు మెదక్ మొత్తంలో నేనొక్కణ్ణే. సరుకులో లోపం పట్టుకుని, ఆ లోపం చూపించే ధర దించాను. నాకు కావలసింది సరిగ్గా ఆ లేని సరుకేనని ఇల్లు చేరాక తెలిసింది. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాడు తప్ప ఇంకెవరూ ఇంత తెలివిగా మునగలేరు.

అప్పటికి పోలీసు చర్య జరిగి నెల దాటింది. రజాకార్ల భయం పోయింది. పట్నం బస్సు మళ్లీ తిరుగుతోంది. బజారులో అందరూ ఒకేసారి గట్టిగా మాట్లాడుతున్నట్టు ఉండేది. మా కొట్టుకు ఎదురుగా ఉన్న అత్తరు దుకాణం మాత్రం తెరుచుకోలేదు. దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

అలాంటి వారంలో మా చర్చి అయ్యగారు నన్ను పిలిచారు.

"వచ్చే ఐతారం తొంభై ఒకటో కీర్తన మీద ప్రసంగం నువ్వే చెప్పాలె. మంచిగ చెప్తే ఎల్దుర్తి దిక్కు ఉపదేశిగ పంపుత. లేకుంటె మీ నాయిన కొట్ల పప్పు తూచుకుంట ఉండు."

ఆ కీర్తన దేవుడు తనవాళ్లను ఆపదల నుంచి కాపాడతాడని చెప్పేది. మా చర్చిలో రెండో వరసలో ఒకామె కూర్చునేది. గడబిడ రోజుల్లో ఆమె భర్త మిరపకాయలు అమ్ముకొస్తానని నిజాంపేట తోవన పోయి, శవమై తిరిగొచ్చాడు. దేవుడు కాపాడతాడని ఆమె ముఖం చూసి ఎలా చెప్పాలి? పప్పు తూచడం నాకు కొత్త కాదు, దానికి భయపడలేదు. నా భయమంతా ఆ రెండో వరసదే. ఎవరైనా పెద్ద పండితుడు దీనికి జవాబు రాసి ఉంటాడన్న ఆశతో వ్యాఖ్యాన గ్రంథం కొనాలనుకున్నాను.

తమ దేశం వెళ్లిపోయిన మిషనరీ దొర కుటుంబం సామాన్లను వాళ్ల ముసలి బట్లరు బంగళా వరండాలో పరిచి అమ్ముతున్నాడు. అందులో రెండు రకాల వ్యాఖ్యానాలున్నాయి. ఒకటి బైబిలు మొత్తానికీ కలిపి ఒకే లావుపాటి పుస్తకం. తిప్పి చూస్తే నా కీర్తనకు ఐదు వాక్యాలు. ఐదు వాక్యాలతో అరగంట ఎలా గడుస్తుంది? రెండోది ఒక్క కీర్తనల మీదే మూడు సంపుటాలు, ఎర్ర తోలు అట్ట, బంగారు అక్షరాలు. చూడగానే చేతులు దురద పెట్టాయి. కానీ నడిమిది లేదు. అది లేదని తెలిసేసరికి దురద ఇంకా పెరిగింది, ఎందుకంటే ధర దించడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

"పదిహేను. హాలీ సిక్కా," అని నైజాం రూపాయల్లో ధర చెప్పాడు బట్లరు.

"తాతా, నడిమిది లేదు. ఒక కాలు ఇరిగిన స్టూలుకు పూర ధర అడుగుతవా? ఐదు."

"దొర సదివిన బుక్కులు బిడ్డా!"

"సదివిండు కదా, ఇగ పాతయే కదా."

"ఓ సేటూ, నీకు బైబిలు గావాల్నా, బెల్లం గావాల్నా?"

ఆరు దగ్గర తెగింది. "తీస్కపో. మీ నాయిన గూడ ఇంత సతాయించడు," అన్నాడు. దాన్ని బిరుదులా తీసుకుని ఇంటికి పరుగెత్తాను. మొదటి సంపుటం యాభయ్యో కీర్తనతో అయిపోయింది. మూడోది నూట ఒకటితో మొదలైంది. మధ్యలో ఏముంటాయో చిన్నపిల్లవాడైనా లెక్క చెప్పగలడు. నేను ధర లెక్క చూసుకున్నాను.

మళ్లీ పరుగు. బట్లరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నడిమిది మొన్ననే పంతులమ్మ కొన్నది, రూపాయకు. జత లేనిది ఎవరు కొంటరు తాతా, అని ఆమె గూడ నీ లెక్కనే బేరమాడింది."

ఆడపిల్లల బడి పంతులమ్మ నా గోడు విని కుర్చీ జరిపింది. "గిక్కడ కూసోని సదువుకో బిడ్డా. పైస వద్దు."

ఉచితం అంటే మా ఇంట్లో అందరికీ అనుమానం. "ఎంతకిస్తరు?" అన్నాను.

ఆమె కళ్లద్దాల మీదుగా చూసింది. "ఐదు."

"రూపాయకు కొని ఐదా పంతులమ్మా!"

"ఐతారం ప్రసంగం నాది కాదు. నీది."

నాలుగిచ్చాను. గెలిచినట్టే అనిపించింది.

నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆ కీర్తన ఎవరు రాశారన్న దానికే పన్నెండు పేజీలు. పదమూడో పేజీలో దొరికింది. సైతాను యేసును గుడి శిఖరం మీద నిలబెట్టి, దూకు, దేవుడు పట్టుకుంటాడు అన్నప్పుడు సాక్ష్యంగా చూపింది ఈ కీర్తననే. ఇన్నిసార్లు విన్న కథే, ఆ సైతాను పట్టుకున్నది నా కీర్తననేనని ఎన్నడూ తట్టలేదు! దాన్ని బేరంగా చదివినవాడు సైతాను. ఆ బేరం ఒప్పుకోనివాడు యేసు. లేచి నిలబడి గదిలో తిరిగాను. నేను రాసుకున్న ప్రసంగం నిండా కొట్టు బేరమే: ఇంత భక్తి ఇస్తే ఇంత రక్షణ. చింపేశాను.

ఆదివారం అదే చెప్పాను. ఈ కీర్తన రసీదు కాదన్నాను. ఇంటికి తిరిగి రానివాళ్ల ప్రార్థన తక్కువైందని దీంట్లో ఎక్కడా లేదన్నాను. మరి ఎందుకు రాలేదో నాకు తెలియదని కూడా అన్నాను.

బయట మెట్ల దగ్గర ఆమె నిలబడి ఉంది. "తమ్మీ, ఆయన ఆ పొద్దు ప్రార్థన చెయ్యకుండ పోయిండు. గందుకే గట్లయిందని ఇన్ని దినాలు మనసుల పెట్టుకుంటి," అంది. పిల్లల చేతులు పట్టుకుని వెళ్లిపోయింది.

అయ్యగారు వెనకనుంచి, "ఇర్వై నిమిషాలే చెప్పినవ్. ఎల్దుర్తిల అరగంట చెప్పాలె మరి," అన్నారు.

ఇక లెక్క. రెండు సంపుటాలకు ఆరు, నడిమిదానికి నాలుగు, మొత్తం పది. అందులో ఆ ఆదివారానికి పనికొచ్చింది ఒక్క పేజీ. ఆ పేజీ పంతులమ్మ కుర్చీలో కూర్చుంటే ఉచితం. బట్లరు దగ్గర మిగిల్చానని బజారంతా చెప్పుకున్న తొమ్మిది రూపాయలు ఎంత వెతికినా ఈ లెక్కలో కనబడవు.