బదులు రాని తిట్టు

దేవుణ్ణి నమ్మినవాళ్ళకి భయమెందుకని ఏళ్ళ తరబడి పిల్లలకి చెబుతూ వచ్చిన ముబాంగా, బల్లి కనబడితే మాత్రం బెంచీ ఎక్కేసేది. ఉరిమితే బైబిలు పక్కన పెట్టి చెవులు మూసుకునేది. రాగి గనుల ఊరు కిట్వేలో యూనివర్సిటీ పిల్లలకి ఇదొక వేడుక. రాగి గనిలో పనిచేసిన భర్త పోయాక ఆమె హాస్టల్లో వార్డెనుగా చేరింది. గదులు తనిఖీ చెయ్యడానికి వెళ్ళి, ఏడుస్తున్న పిల్ల కనబడితే అక్కడే కూర్చుండిపోయేది. తనిఖీ ఏనాడూ పూర్తయ్యేది కాదు. చివరికి చర్చిలవాళ్ళే ఆమెని విద్యార్థుల మధ్య సువార్త పనికి పెట్టుకున్నారు.

ముబాంగా బెంబా తెగ మనిషి. బెంబాలకీ తూర్పునుండే ఎన్గోనీలకీ తాతల కాలంలో కత్తులు దూసుకున్న పగ. అదెప్పుడో చల్లారి, వదినా మరదళ్ళ వరసగా మిగిలింది. ఎదురుపడితే తిట్టుకోవాలి. తిట్టకపోతే కోపమొచ్చిందనుకుంటారు. చావింట్లో కూడా వరసైనవాళ్ళు శవాన్ని ఎకసెక్కం ఆడాల్సిందే. అందుకే తూర్పున చిపాటా నుంచి చదువుకోవడానికొచ్చిన ఎన్గోనీ పిల్ల జెలిపా జెరే ప్రార్థనకి అడుగుపెట్టిన మొదటిరోజే, "ఎలకలు తినేవాళ్ళని కూడా దేవుడు పిలుస్తున్నాడా?" అంది ముబాంగా.

"కోతుల్ని తినేవాళ్ళనే పిలిచినవాడు, మమ్మల్ని వద్దంటాడా వదినా?" అంది జెలిపా.

ఆనాటి నుంచి తిట్టుకోనిదే ఇద్దరికీ పొద్దుపోదు.

ఆ శుక్రవారం ప్రార్థనలో ఎవరి బాధ వాళ్ళు చెప్పుకుంటున్నారు. ఒకడికి పరీక్ష, ఇంకొకడికి వాళ్ళమ్మ కాలినొప్పి. జెలిపా లేచి నిలబడి, "వచ్చే శుక్రవారానికి నేనుండను. నాకోసం కూడా ప్రార్థన చెయ్యండి" అంది.

"పోవే తల్లీ, పో! మీ ఊళ్ళో ఎలకలు పండగ చేసుకుంటాయి. నీ సమాధి మీద కూర్చుని కడుపునిండా నిషిమా ముద్దలు తిని మరీ వస్తాను" అంది ముబాంగా, నోటి అలవాటు కొద్దీ.

హాలంతా గొల్లున నవ్వింది. జెలిపా కూడా నవ్వింది. నవ్వి, తిరిగి ఏమీ అనకుండా కూర్చుంది. ముబాంగా అప్పటికే పక్క పిల్లవాడి వైపు తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం ముబాంగా కపెంటా చేపలు వేయిస్తుంటే, జెలిపాతో గదిలో ఉండే నమకావు రొప్పుతూ వచ్చింది.

"అమ్మా, జెలిపా గడియ తియ్యట్లేదు. ఎంత కొట్టినా పలకట్లేదు. పొద్దున్న తన కొత్త బూట్లు నాకిచ్చేసి, నాకింక అక్కర్లేదు అంది. నేనో పిచ్చిమొహాన్ని, వేసుకుని మురిసిపోతూ బజారుకెళ్ళాను."

ముబాంగా చేతిలో గరిటె జారింది. జెలిపా నిన్నన్న మాట ఆమెకి ఇప్పుడు వినబడింది. ఆ మాటకి తనేమందో కూడా వినబడింది. పొయ్యి ఆర్పిందో లేదో తెలియదు, చెప్పుల్లేకుండా పరుగెత్తింది. దారిలో పిల్లలు "ఏంటమ్మా, బల్లా?" అని నవ్వారు. ప్రభువా, నా నోరు పడిపోనీ, ఆ పిల్లని మాత్రం ఉండనీ అనుకుంది. ఆమె బతుకులో ఎన్నోసార్లు భయపడింది కానీ, ఆ భయాలన్నీ దీని ముందు పిల్లలాటలే.

తలుపు బద్దలుకొట్టడానికి కావలివాణ్ణి తీసుకురమ్మని నమకావుని పంపి, తను తలుపుకి చెవి ఆనించింది. లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంతమందికో చెప్పిన వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"జెలిపా, నేనే. వదినని." తలుపు తట్టింది. "ఎలకలు తినేదానా, వినబడుతోందా?"

పలుకు లేదు. ఎన్గోనీ పిల్ల తిట్టు తిని ఊరుకోవడం ముబాంగా ఎన్నడూ ఎరగదు.

"తిట్టవే! నీకు దణ్ణం పెడతాను, ఒక్క తిట్టు తిట్టు. నన్ను, మా అమ్మని, మా వంశాన్ని, ఎవర్నైనా తిట్టు!" అని తలుపుని అరచేతుల్తో బాదుతూ ఏడ్చింది.

చాలాసేపటికి గడియ కదిలింది. జెలిపా వాచిన కళ్ళతో నిలబడుంది. నిలబడే ఉంది. ముబాంగా ఆ పిల్ల మొహం, మెడ, చేతులు తడిమి తడిమి చూసుకుంది.

"తిట్టడానికి ఓపిక లేదు వదినా" అంది జెలిపా. వెళ్ళి మంచం మీద కూలబడింది. "అంతమందిలో లేచి చెప్పడానికి వారమంతా ధైర్యం కూడగట్టుకున్నాను. నువ్వు నాకు వరస కాకపోయుంటే, ఎందుకుండవే అని అడిగుండేదానివి."

వసారాలో కావలివాడూ నమకావూ వస్తున్న చప్పుడైతే, ముబాంగా తలుపు దగ్గరకెళ్ళి ఆగమని చెయ్యి చూపించింది. తిరిగొచ్చి నేలమీద, ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుంది. భయం ఇంకా తగ్గలేదు. ఇప్పుడు ఏ మాట తప్పవుతుందోనని ఒక్కో మాటా తడుముకుంది.

"ఎందుకుండవమ్మా?" అంది. వరసైనదాన్ని ఎవరూ అలా మెత్తగా పిలవరు.

జెలిపా ఆమెకేసి చూసింది. "ఎక్కణ్ణించి చెప్పను?"

"నిన్న మేం నవ్విన దగ్గర్నించి."

జెలిపా కొంచెం పక్కకి జరిగి, మంచం మీద చోటిచ్చింది.