యానిస్ అంకుల్ గుడ్లగూబ నాణెం

వేడినీళ్లలో చింతపండు నానేసిన వాసన వస్తే నాకిప్పటికీ చేతులు చల్లబడతాయి. నిన్న పులుసుకని నానేసి, కాసేపు సింకు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

గుంటూరు నుంచి ఆస్ట్రేలియాలోని వెర్రిబీ వచ్చిన ఏడాది నేను ఇయర్ టెన్‌లో, అంటే పదో తరగతిలో చేరాను. ఎండలు తగ్గి ఆకులు రాలడం మొదలయ్యాక, తోటల మీంచి కాలీఫ్లవర్ ఆకుల పచ్చివాసన సముద్రపు గాలితో కలిసి మా వీధిలోకి వచ్చేది. గ్రీసు నుంచి వచ్చి ఆ తోటల్లో నడుము వంచి జీవితమంతా పనిచేసిన యానిస్ అంకుల్ మా పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. షుగర్‌తో చూపు పూర్తిగా పోయింది. స్కూలు నుంచి రాగానే ఆయనకొచ్చిన ఉత్తరాలు చదివిపెట్టేదాన్ని. పెరటి నిమ్మకాయలు, ఉప్పునీళ్లలో ఊరిన ఆలివ్‌కాయలు, మా ఈస్టర్ అయిపోయాక వచ్చే వాళ్ల ఈస్టర్‌కి ఎర్రరంగు వేసిన గుడ్లు నా చేతిలో పెట్టేవారు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక వెండి నాణెం ఉండేది. వాళ్ల ఊళ్లో నాన్న పొలం దున్నుతుంటే దొరికిందట. అలెగ్జాండర్ పోయిన చాలాకాలానికి, గ్రీకు రాజ్యాలు ఒక్కొక్కటే రోమ్ చేతిలోకి పోతున్న రోజుల్లో ఏథెన్స్‌లో ముద్రించింది. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఏథెనా దేవత, రెండోవైపు పక్కకు వాలిన కూజా మీద నిలబడ్డ గుడ్లగూబ, చుట్టూ ఆలివ్ ఆకుల దండ. మట్టిలో ఉండి ఉండి నల్లగా పొక్కు కట్టింది. మాట్లాడుతున్నంతసేపూ ఆయన బొటనవేలు ఆ గుడ్లగూబ మీదే తిరిగేది. నా వేలు పట్టుకుని గ్రీకు అక్షరాలు కూడా దాని మీదే నేర్పారు.

స్కూల్లో పురాతన చరిత్ర ప్రాజెక్టుకి అడిగితే ఒక్క క్షణం ఆగి ఇచ్చారు.

"టేక్ హర్, రూత్. మండే తెచ్చెయ్," అన్నారు. ఆ గుడ్లగూబని ఎప్పుడూ మనిషినన్నట్టు 'షీ' అనేవారు. 'తెచ్చెయ్' అన్న ఆ ఒక్క తెలుగుమాట మా ఇంట్లో విని పట్టుకున్నారు.

ఆ శనివారం అమ్మ మట్టలాదివారం కోసం మందిరంలోని ప్రభుబల్ల వెండి గిన్నె ఇంటికి తెచ్చి వేడి చింతపండు నీళ్లతో తోముతోంది. నల్లటి గిన్నె తెల్లగా తేలుతుంటే, ఈ పొక్కు పోతే గుడ్లగూబ అంకుల్ వేలికి ఇంకా స్పష్టంగా తగులుతుంది కదా అనిపించింది. అమ్మ దొడ్లోకి వెళ్లగానే నాణెం ఆ నీళ్లలో వేసి, ఉప్పు అద్ది, గట్టిగా రుద్దాను. తెల్లబడింది. ఇంకాస్త రుద్దేసరికి గుడ్లగూబ మెడ దగ్గర నాణెం బిస్కెట్టులా రెండుగా విరిగింది.

"ఎవరిదే అది?" అంది అమ్మ, నా మొహం చూసి. చెప్పాను. గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "పద. నేనూ వస్తా."

అంకుల్ రెండు ముక్కల్నీ అరచేతిలోకి తీసుకున్నారు. బొటనవేలు వాటి మీద అటూ ఇటూ తిరిగింది.

"వేర్ ఈజ్ షీ?" అన్నారు మెల్లగా.

అమ్మ వచ్చీరాని ఇంగ్లీషులో సారీ చెబుతూనే ఉంది. ఆయన తిట్టలేదు. ముక్కల్ని రుమాల్లో మూటకట్టి లోపలికి వెళ్లిపోయారు. సోమవారం నేను వెళితే, "నో లెటర్స్ టుడే," అన్నారు. గేటు దగ్గర పోస్టుడబ్బా నిండా ఉత్తరాలున్నాయి. ఆ మర్నాడూ అదే మాట. తర్వాత నేనే వెళ్లడం మానేశాను.

యూనివర్సిటీలో పురాతన చరిత్రే తీసుకున్నాను. భూమిలో వందల ఏళ్లున్న వెండి లోపల్లోపలే పెళుసైపోతుందని, అతికించినా అరిగిన బొమ్మ తిరిగి రాదని అక్కడ తెలిసింది. అప్పటికి అంకుల్ వృద్ధుల హోమ్‌లో ఉన్నారు. వెళితే, ఇంగ్లీషు మొత్తం మర్చిపోయి, నా చెయ్యి పట్టుకుని గ్రీకులోనే ఏదో చాలాసేపు చెప్పారు. నాకు అక్షరాలే వచ్చు, భాష రాదు. తిట్టారో, క్షమించారో, నన్ను ఎవరనుకున్నారో.

ఆ చలికాలమే పోయారు. సమాధుల దగ్గర సిడ్నీ నుంచి వచ్చిన ఆయన కూతురికి జరిగింది చెప్పాను.

"డాడ్ దగ్గర కాయినా? నాకెప్పుడూ చూపించలేదే," అని ఇంగ్లీషులో అని, వేరేవాళ్లతో మాట్లాడ్డానికి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశారు. గుడ్డలూ, రుమాళ్లూ అన్నీ చెత్త తొట్టిలోకి పోతుంటే మా వాకిట్లో నిలబడి చూశాను. ఆ నాణెం ముక్కలు ఏ రుమాల్లో ఉన్నాయో వెతకనివ్వమని అడగలేకపోయాను.

ఇప్పుడక్కడ రెండు టౌన్‌హౌస్‌లున్నాయి. నిమ్మచెట్టు కొట్టేసిన చోట కార్లు పెడుతున్నారు. తోటల వైపు కూడా ఇళ్లే. ఆ వీధిలో ఆయన్ని ఎరిగినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.