వీసాకు కావలసిన తెలుపు

ఒక్కసారి దేశం దాటి వచ్చిన కుర్రవాడికి ప్రపంచమంతా తన జేబులోనే ఉందనిపించే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాను. మస్కట్‌లో ఏసీలు బాగుచేసే కంపెనీలో చేరి, మొదటి సెలవుకు సూరత్ వచ్చాను. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వలస వచ్చిన కుటుంబం మాది; అక్కడి ఉధ్నా పేటలో మగ్గాల కార్ఖానా వెనక ఒకే ఒక గది మా ఇల్లు. అందులో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరిగేవాణ్ణి (చీకట్లో స్టూలు తన్నుకుని పడ్డా తీసేవాణ్ణి కాదు). అలా సెలవు దర్జాగా గడుస్తుండగా, ఒకరోజు పొద్దున్నే కంపెనీలో కాగితాలు చూసే మలయాళీ అన్న ఫోన్ చేశాడు. నేను అక్కడ ఉండటానికిచ్చిన వీసా గడువు అయిపోవస్తోందట. సాయంత్రంలోగా కొత్త ఫోటో పంపకపోతే రెన్యువల్ ఆగిపోతుందట, నా ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఫోటోలో వెనకంతా తెల్లగా ఉండాలి, మనిషి నవ్వకూడదు, అంతే అన్నాడు.

అంతే కదా అనుకున్నాను. కానీ దీపావళి వెళ్లిన మర్నాడది. ఐదో రోజు లాభ్ పాంచమ్‌కు కొత్త లెక్కలు మొదలెట్టే దాకా సూరత్‌లో షట్టర్లు లేవవు, ఫోటో స్టూడియోలన్నీ మూసే ఉన్నాయి. మా గది గోడలా, చిలకాకుపచ్చ! నేను దిగాలుపడి కూర్చుంటే, బుద్ధెరిగినప్పటి నుంచీ మగ్గాన్నే నమ్ముకున్న మా బాపు మాత్రం హుషారుగా లేచాడు. "బట్ట నేసే ఇంట్ల పుట్టి తెల్లబట్టకు ఫికర్ చేస్తవేందిరా? జర ఆగు" అని మంచం కింద నుంచి తను నేసిన బట్ట లాగాడు. పండగ భోజనానికి వచ్చిన మా మామ, అంటే మా అమ్మ (మేం అవ్వ అంటాం) తమ్ముడు, అక్కడే ఉన్నాడు. రంగుల మిల్లులో పని ఆయనది. నేసిందేదైనా మిల్లుకొచ్చి ఉతికించుకున్నాకే బట్ట అవుతుందని ఆయన సిద్ధాంతం. "బావా, గది ఇంకా ఉతకని కోరాబట్ట. కోరా అంటే తెలుపు గాదు" అన్నాడు. "నీ కండ్లకే రంగు పట్టింది. ఆ కొస పట్టు!" అన్నాడు బాపు. వాళ్లిద్దరూ నా వెనక బట్ట పట్టుకుంటే మా చెల్లె ఫోన్‌తో ఫోటో తీసింది. పంపాం. "పీలా హై, నహీ చలేగా" అని జవాబొచ్చింది. పసుపుగా ఉంది, పనికిరాదన్నమాట. బాపు ముఖం చూడలేకపోయాను.

మామ సంతోషం దాచుకోలేక ఇంటికి పరిగెత్తి, మిల్లులో ఉతికిన బట్ట తెచ్చాడు. కళ్లు జిగేల్‌మనే తెలుపు. మళ్లీ నిలబడ్డాను, మళ్లీ పంపాం. ఈసారి "నీలా హై" అని వచ్చింది. నీలంగా ఉందట! "ఏందిరా బామ్మర్దీ, గిదేనా మీ మిల్లు తెలుపు?" అని బాపు నవ్విన నవ్వుకు పక్కగదివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు (నా ఉద్యోగం పోతున్న సంగతి అప్పటికి ఇద్దరూ మరచిపోయారు). నాకు మాత్రం నిజంగా భయం వేసింది. నా ఠీవి అంతా ఆ వీసాతో వచ్చిందే, పోతే దాంతోనే పోతుంది. కళ్లద్దాలు తీసేసి మంచం మీద కూలబడ్డాను.

అప్పుడు పొయ్యి దగ్గర నుంచి మా అవ్వ అంది: "పసుపుబారిన అంగీకి నేను నీలిమందు ఎందుకు పెడ్త? రెండు కలిస్తెనే తెల్లగైతది. గా రెండు బట్టలు ఒకదాని మీద ఒకటి పట్టుండ్రి. పొద్దుగాలనే చెప్దునుగని, నా మాట ఎవరు ఇంటరు?"

మామ బట్ట వెనక, దాని మీద బాపు నేసిన పలుచటి బట్ట. చెరో కొస పట్టుకుని ఇద్దరూ నిలబడ్డారు, ఊరుకుంటారా! "పైన ఉన్నది నాది" అన్నాడు బాపు. "కింద నాది లేకుంటే నీది పసుపే బావా" అన్నాడు మామ. "అన్నా, హస్నా మత్! నవ్వకు!" అని చెల్లె అరుస్తోంది. నేను పెదవులు బిగబట్టాను. మామకు కోపమొచ్చి "నేను కొస ఇడ్సిపెడ్త" అన్నాడు. "ఇడ్సిపెట్టు సూద్దాం. నీ మేనల్లుని నౌకరి పోతే మీ అక్కకు నువ్వే జవాబియ్యాలె" అన్నాడు బాపు. సరిగ్గా అప్పుడే చెల్లె నొక్కింది. పంపి, ఫోన్ మధ్యలో పెట్టుకుని అందరం చుట్టూ కూర్చున్నాం. చాలాసేపటికి "చలేగా" అని ఒక్క ముక్క వచ్చింది. మా అవ్వ వెంటనే అన్నాలు వడ్డించింది. గెలిచింది ఎవరి తెలుపు అనే తగవు మాత్రం ఇప్పటికీ తేలలేదు.

తర్వాత ఎన్నోసార్లు రెన్యువల్ చేయించుకున్నాను, ప్రతిసారీ ఫోటో ఉన్న కొత్త కార్డు ఇస్తారు. ఇప్పుడంతా యంత్రం ముందు కూర్చోబెట్టి నిమిషంలో తేల్చేస్తున్నారు. ఆ కార్డులన్నిటిలోనూ నేను నడుంనొప్పి మనిషిలా, నియమం ప్రకారం, గంభీరంగా ఉంటాను. ఆనాటి కార్డులో మాత్రం బుగ్గలు ఉబ్బి, కళ్లు చెమర్చి, ఇంకొక్క క్షణంలో పగలబడి నవ్వబోయే కుర్రాడున్నాడు. విమానాశ్రయంలో అధికారి దాన్ని చూసి, నన్ను చూసి, పక్కనున్నాయనకు కూడా చూపించాడు. అప్పట్లో సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడా కార్డు ఎందుకూ చెల్లదు, కానీ పారెయ్యబుద్ధి కాదు. అప్పుడప్పుడు తీసి చూసుకుంటే వాడు నాకు ముద్దొస్తాడు. ఫోటోలో వాడి వెనకంతా తెలుపే. కొసలు పట్టుకుని పోట్లాడుకుంటున్న ఆ ఇద్దరూ నాకు తప్ప ఎవరికీ కనబడరు.