రామాంజి ఫోటో కింద వెలిగిన దీపం

అభిమాన సంఘం వాట్సాప్ గ్రూపులో మొదటి దండం ఎమోజీ వచ్చినప్పుడు నాకేమీ అనిపించలేదు. అభిమాన హీరో ఫోటో కనబడితే చేతులు జోడించేవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు. వెంటనే రెండోది, మూడోది వచ్చాయి. నాలుగో మనిషి మాత్రం రామాంజి బొమ్మ కింద అక్షరాల్లో అడిగాడు: ‘ఎట్లయింది? మొన్ననే మాట్లాడినాడు కదా.’ పోయిన సంవత్సరం జూలైలో, పొద్దున పదకొండు దాటాక, సోమందేపల్లెలో మా ఇంటి వరండాలో కూర్చుని ఆ మాట చదివాను. అప్పుడే మొదటిసారి భయం వేసింది. ఆ గ్రూపుకు నేను పంపిన ఇరవై ఆరు బొమ్మల్లో రామాంజిది వెతికి పెద్దది చేసి చూశాను. నవ్వుతున్న కుర్రవాడి గుండెల కింద దీపం వెలుగుతోంది. దానికి అటొకటి ఇటొకటి అగరుబత్తులు.

నేను డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను. పెళ్ళయ్యాక ఇంట్లోనే ఫోటోషాప్ పని పెట్టుకున్నాను. పెళ్ళి పత్రికలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, శ్రద్ధాంజలి కార్డులు చేస్తాను. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేవి ఫ్యాన్ ఐకాన్లు. హీరో సినిమా విడుదలకు ముందు అభిమాన సంఘం వాళ్ళందరూ వాట్సాప్‌లో ఒకే రకం డీపీ పెట్టుకుంటారు. గుండ్రని బొమ్మ, వెనక హీరో నీడ, ముందు అభిమాని ముఖం, చుట్టూ పూల అంచు, కింద పేరు. చూడటానికి చిన్న పనే. కానీ అందులో తన ముఖం హీరో భుజం దగ్గర ఉందా, చెవి దగ్గర ఉందా అని కూడా కొలుచుకుంటారు.

ఫోటోషాప్‌లో బొమ్మ లేయర్లుగా ఉంటుంది. గాజు పలకల మీద ఒక్కో భాగం గీసి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అనుకోండి. ప్రతి లేయర్ పక్కన కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ పలక కనబడకుండా పోతుంది, పోయినట్టు అనిపిస్తుంది కానీ లోపలే ఉంటుంది. అంతకు ముందు వారం మా ఊరి అంగడి ఆయనొకరు పోతే ఆయనకు శ్రద్ధాంజలి కార్డు చేశాను. అందులో బంతిపూల దండ చాలా బాగా కుదిరింది. మా దగ్గర హీరో కటౌట్‌కు వేసేదీ, పోయినవాళ్ళ పటానికి వేసేదీ అదే బంతిపూల దండ. అందుకే కొత్తది గీయకుండా ఆ కార్డు ఫైల్‌లోనే ఐకాన్లు చేశాను. దీపం, అగరుబత్తులు ఉన్న లేయర్‌ను తీసేయలేదు, కన్ను మూసి వదిలేశాను. మళ్ళీ ఎవరైనా పోతే పనికొస్తుందని.

రామాంజి ఫోటోలో జుట్టు అంచు సరిగా తెగలేదు. అది సరిచేయడానికి మిగతా లేయర్లన్నీ మూశాను, అయ్యాక అన్నిటినీ ఒకేసారి తెరిచాను. అన్నిటితోపాటు దీపమూ తెరుచుకుంది. తెర మీద బొమ్మ బొటనవేలి గోరంత ఉంది. పెద్దది చేసి చూడకుండానే సేవ్ చేసి తర్వాతి ముఖానికి వెళ్ళిపోయాను.

సంఘం కార్యదర్శి చంద్ర ఫోన్ చేశాడు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల అంగడి అతనిది. నన్ను అక్కా అంటాడు.

“అక్కా, ఏం పని చేసినావక్కా? ఆ బొమ్మ వాళ్ళ ఊర్లో ఎవరో స్టేటస్ పెట్టినారు. వాళ్ళమ్మ చూసేసింది.”

రామాంజిది నల్లమాడ దగ్గర పల్లె. పెనుకొండ దారిలోని ఒక కంపెనీలో పని చేస్తాడు. తల్లి ఓబులమ్మ ఆ పొద్దు ఉపాధి హామీ పనిలో ఉందట. పక్కన మట్టి ఎత్తుతున్న అమ్మాయి ఫోన్‌లో చూసింది. ఓబులమ్మకు చదువు రాదు. ఆ బొమ్మకు చదువు అక్కర్లేదు. చదువు రానివాళ్ళకు కూడా చూడగానే అర్థమయ్యేట్టు చేస్తానని నేను అందరికీ చెప్పుకునేదాన్ని. ఈ రోజుల్లో మా పల్లెల్లో చావు కబురు మనిషి కన్నా ముందు స్టేటస్‌లోనే వస్తుంది. కొడుక్కు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆమె గంపతోపాటు అక్కడే కూలబడిపోయిందని చంద్ర చెప్పాడు. అతను డ్యూటీలో ఉంటాడనీ, ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారనీ ఎంతమంది చెప్పినా వినడం లేదట. గొంతు వినిపించండి అని అదే మాట అంటోందట.

“ఎట్లయిందక్కా ఇది?” అన్నాడు చంద్ర.

“పాప కీబోర్డు నొక్కింది,” అన్నాను.

ఆలోచించి చెప్పింది కాదు. నాలుక చివర సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. ఆరేళ్ళ నా కూతురు మేఘన చాప మీద కూర్చుని రంగు పెన్సిళ్ళతో గీసుకుంటోంది. లాప్‌టాప్ దగ్గరికే రాలేదు. తలెత్తి నన్ను చూసింది. నేను మొహం తిప్పుకుని బొమ్మ డిలీట్ చేయించే పనిలో పడ్డాను. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో.

పిల్లలిద్దరినీ స్కూటీ మీద ఎక్కించుకుని కంపెనీ గేటుకు పోయాను. రెండేళ్ళ కొడుకు ముందు, మేఘన వెనక. చంద్ర మాకన్నా ముందే చేరాడు. షిఫ్టు అయ్యేది రెండు గంటలకు, మధ్యలో పిలవాలంటే కారణం చెప్పాలని గేటు దగ్గర వాచ్‌మన్ అన్నాడు. నేను చంద్ర వైపు చూశాను.

“రామాంజి వాళ్ళమ్మ పిల్లోడు సచ్చిపోయినాడనుకుంటాంది సార్. ఒక్కసారి పిలిపించు, గొంతు వినిపించి పంపించేస్తాం,” అన్నాడు చంద్ర.

వాచ్‌మన్ ఇంకేమీ అడక్కుండా లోపలికి పోయాడు.

మెషిన్ల చప్పుడుకు చెవుల్లో పెట్టుకునే బిళ్ళల తాడు మెడలో వేలాడుతుండగానే రామాంజి వచ్చాడు. చంద్ర ఫోన్‌లో బొమ్మ చూసి నవ్వాడు. “ఏమన్నా, సినిమా చూడకుండానే నన్ను పైకి పంపిస్తివే. దీపం మాత్రం బాగుండాది.” చంద్ర పల్లెకు ఫోన్ కలిపాడు, అటువైపు ఎవరో ఫోన్ ఓబులమ్మ చేతికి ఇచ్చారు. రోడ్డు చప్పుడులో వినబడక చంద్ర స్పీకర్ పెట్టాడు.

“అమ్మా, నేను.”

అది కొడుకు గొంతేనని నమ్మకం కుదరక ఆమె అడిగింది. “పోయిన వారం నువ్వు పోయేటప్పుడు నేనేం కట్టిస్తి?”

“చెనిక్కాయల పొడి కట్టిస్తివి. ఉప్పు ఎక్కువైందంటి కదా.”

అప్పుడు ఏడ్చింది. రామాంజి నవ్వు ఆపి గేటు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, నాకేం కాలేదమ్మా, ఈడనే ఉండా అని చెప్తూనే ఉన్నాడు. ఆమె కుదుటపడ్డాక, ఎవరు చేసినారు ఈ పని అని అడిగింది. చంద్ర అతనికి ముందే చెప్పినట్టున్నాడు.

“ఫోటో చేసే అక్క బిడ్డ నొక్కిందంటమ్మా, తెలీక.”

“ఆయమ్మ ఆడనే ఉండాదా?” అంది ఓబులమ్మ. రామాంజి ఫోన్ నా వైపు పట్టాడు. “అమ్మా, పాపను కొట్టాకమ్మా. పసిబిడ్డ, దానికేం తెలుసు. కొట్టినావా ఏంది?”

మేఘన నా చున్నీ అంచు పట్టుకుని నిలబడి ఉంది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. “కొట్టలేదమ్మా. కొట్టను,” అన్నాను.

రామాంజి వంగి మేఘన తల నిమిరి లోపలికి పోయాడు.

ఆ తర్వాత నా పనిలో కొన్ని మార్పులు చేసుకున్నాను. శ్రద్ధాంజలి ఫైళ్ళు ఇప్పుడు వేరే డ్రైవ్‌లో ఉంటాయి, వాటి నుంచి ఒక్క పువ్వు కూడా తీసుకోను. అక్కర్లేని లేయర్‌ను మూయను, తీసేస్తాను. ప్రతి ముఖాన్నీ ఫోన్‌లో తెర నిండా పెట్టి చూశాకే పంపుతాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇవి పనికొస్తాయి. కానీ ఈ అనుభవం గురించి రాయాలని కూర్చున్నది వీటి కోసం కాదు. పొరపాటు ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. దాన్ని మోపడానికి నాకు దొరికిన చోటు, నాకు ఎదురు చెప్పలేని మనిషి. ఇది నా గురించి నాకు అంతకు ముందు తెలియదు.

ఆ రాత్రి మేఘన నన్ను అడిగింది, “అమ్మా, నేను ఎప్పుడు నొక్కినాను?” అని. అబద్ధమని నిలదీస్తున్నట్టు అడిగితే ఊపిరి పీల్చుకునేదాన్ని. అది నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి చూస్తోంది. పడుకోమన్నాను.

పొద్దున పాలు తాగించాక ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టాను. చిన్నవాడికి అర్థం కాదని తెలుసు, అయినా వాడినీ కూర్చోబెట్టాను. మేఘనకు ఇలా చెప్పాను: “నువ్వు ఏదీ నొక్కలేదు. ఎంత గుర్తు చేసుకున్నా నీకు గుర్తు రాదు, ఎందుకంటే అది జరగలేదు. తప్పు చేసింది అమ్మ. చంద్ర మామ తిడతాడని భయపడి నీ పేరు చెప్పింది కూడా అమ్మే. ఇప్పుడు చంద్ర మామకు, ఆ అవ్వకు ఫోన్ చేసి నువ్వు కాదు, నేను అని చెప్తాను. స్పీకర్ పెడతాను. నువ్వు నా పక్కనే కూర్చుని విను.”