నిండకుండానే కదిలిన బస్సు

మా తాడేపల్లిగూడెంలో రైలు దిగినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి ఒకటుంది. స్టేషన్ బయట వరసగా నిలబెట్టిన షేర్ ఆటోల్లో ఖాళీగా ఉన్నది ఎక్కకూడదు. అది నిండితేగాని కదలదు. ముందు ఎక్కినవాళ్ళు ఉక్కలో కూర్చుని విసనకర్రలా చీర కొంగు ఊపుకుంటూ ఉంటే, ఆఖర్న వచ్చి అంచు మీద కూలబడ్డ మనిషితోపాటు బండి బయల్దేరుతుంది. అందుకని మేం కాస్త దూరంగా నీడన నిలబడి, లోపల తలకాయలు చూసుకుని, ఇంకొక్కరు పడితే చాలు అనిపించిన బండి దగ్గరికే నడుస్తాం. ఇన్నేళ్ళుగా నాకు వంటబట్టిన ప్రయాణ విద్య అంతా ఇంతే. దాన్ని వెంటబెట్టుకునే బెంగుళూరు వెళ్ళాను.

మా అక్క, బావగారు అక్కడే ఉంటారు. అక్కకి గుండెలో కవాటం పాడైందని, వచ్చే వారం ఆపరేషన్ అని చెబితే మేం రైలుకి టిక్కెట్టు తీసుకున్నాం. అంతలోనే బావగారు ఫోన్ చేసి, డాక్టరుగారు ముందుకి జరిపారమ్మా, రేపే చేస్తారట అన్నారు. అక్క ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది. భయమని అనలేదు. ఒక్కటే అడిగింది.

"లోపలికి తీసుకెళ్ళేముందు జుట్టు రెండు జడలు గట్టిగా అల్లాలటే. ఎవరెవరో నా తల పట్టుకుంటే నాకు బాగోదు. నువ్వొచ్చి వెయ్యి."

అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నాన్నగారు గుళ్ళో అర్చన చేసుకుంటూ, మమ్మల్ని బడికి పంపకుండా ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. నేను ఆయన ఎదుట పద్యం అప్పజెబుతుంటే అక్క నా వెనక కూర్చుని జడ అల్లేది. ఎక్కడైనా తడబడితే నాన్నగారికంటే ముందు అక్కే జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజేది. అలాంటి అక్క తన కోసమని నన్ను ఒకటి అడగడం, నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

రాజమండ్రి నుంచి పొద్దున్నే విమానం ఉందన్నారు మావారు. ఆ టిక్కెట్టుతోనే ఇంట్లో ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోయింది. దిగాక టాక్సీ ఎక్కితే ఇంకో టిక్కెట్టు కొన్నట్టేనండీ, ఆ విమానాశ్రయం ఊరికి అంత దూరం అని పక్కింటి మేష్టారు చెప్పారు. బావగారేమో, విమానాశ్రయం బయటే పెద్ద బస్సులు ఉంటాయి, మెజెస్టిక్ అని అడిగి ఎక్కు, ఆసుపత్రి అక్కడికి నడిచేంత దూరమే అని ధైర్యం చెప్పారు.

విమానం ఎక్కడం నాకు అదే మొదటిసారి. లేచిన కాసేపటికి కిందకి చూస్తే నేలంతా అద్దం గళ్ళు. సూర్యుడు ఒక గడిలోంచి ఇంకో గడిలోకి గెంతుతూ మాతోపాటే వస్తున్నాడు. అది కొల్లేరని పక్క సీటాయన చెప్పేదాకా పోల్చుకోలేదు. ఆకివీడు వెళ్ళేటప్పుడల్లా బస్సు కిటికీలోంచి చెరువు గట్లూ, చేపల లారీలూ చూసినదాన్నే. నీళ్ళు కారే ఆ లారీల వెనక ముక్కు మూసుకు కూర్చున్న చోటు పైనుంచి ఇలా ఉంటుందా అని చేతులు జోడించాను. జోడించాక గుర్తొచ్చింది, ఆ చుట్టుపక్కలే ఎక్కడో చినతిరుపతి కొండ కూడా ఉండాలి. స్వామి కింద, నేను పైన. గబుక్కున కాళ్ళు సీటు మీదికి తీసుకుని మఠం వేసుక్కూర్చున్నాను. కాళ్ళు పట్టేశాయాండీ అని అడిగారు పక్కాయన. అవునండీ అన్నాను.

బెంగుళూరులో దిగి బయటికొస్తే బస్సులు బావగారు చెప్పినట్టే ఉన్నాయి. మెజెస్టిక్ వెళ్ళేది ఇదేనని ఎవరో చూపించారు. ఇల్లంత బస్సు, చల్లటి గాలి తలుపులోంచి బయటికి తగులుతోంది. లోపల ఇద్దరే ఇద్దరు మనుషులు. మూడు చక్రాల ఆటో నిండడానికే మా ఊళ్ళో అంత సేపు పడితే, ఇది నిండేసరికి మధ్యాహ్నం దాటుతుందనుకున్నాను. ఎదురుగా బల్ల ఉంటే కూర్చున్నాను. జనం రాగానే లేద్దామని సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక కన్ను బస్సు మీదే వేసి ఉంచాను. తలుపు మూసుకుంది. నేను లేచి నాలుగడుగులు వేసేలోపు, ఆ ఇద్దరితోనే, అంత బస్సూ వెళ్ళిపోయింది.

అప్పుడే బావగారి ఫోన్. ముందున్న ఆపరేషన్ అయిపోవస్తోందట, ఇంకాసేపట్లో అక్కని తీసుకెళ్తారు, ఎంతవరకు వచ్చావమ్మా అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన ఫోన్ అక్కకి ఇచ్చారు. అంత నీరసంలోనూ అక్క నవ్వింది.

"గూడెం స్టేషన్ అనుకున్నావుటే? ఈసారి వచ్చేదాంట్లో పిట్ట లేకపోయినా ఎక్కి కూర్చో. అందాకా నా తల ఎవర్నీ ముట్టుకోనివ్వను."

ఇంకో బస్సు వచ్చి ఆగింది. నిజంగానే పిట్ట లేదు. ఎక్కి కూర్చున్నాను గానీ మనసు ఒప్పుకోలేదు.

"ఏవండీ, ఇది ఎప్పటికి నిండుతుందండీ?" అని కండక్టరుగారిని అడిగాను.

ఆయనకి తెలుగు వచ్చు. "నిండే పనేం లేదమ్మా. టైమైతే పోతాది. మీరొక్కరే ఉన్నా పోతాది," అన్నారు.

అన్నట్టే పోయింది. అన్ని ఖాళీ సీట్లనీ, ఆ చల్లదనాన్నీ, డ్రైవరునీ, కండక్టరునీ పెట్టుకుని ఆ బస్సు నన్నొక్కదాన్నే మోసుకుంటూ రోడ్డెక్కింది. గుళ్ళో ఉత్సవమూర్తి ఒక్కరే పల్లకీలో కూర్చుంటే అంతమంది భుజాలు పెడతారు. అది దేవుడికి. గూడెం నుంచి వచ్చిన ఒక ఆడమనిషికి, అదీ పక్కింటి మేష్టారి లెక్కలో టాక్సీకి ఏ మూలకీ రాని చార్జీకి, ఎవరిస్తారండీ ఇంత? నేను ఎవరో వాళ్ళకి తెలియదు. అక్క సంగతి అసలే తెలియదు. అయినా ఎవరో ఎప్పుడో ఇలా ఒక బస్సు తిరగాలని అనుకున్నారు. వాళ్ళెవరైనా చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకున్నాను.

దారిలో ఒకరూ ఇద్దరూ ఎక్కారు. ఊరు దగ్గరయ్యేకొద్దీ వాహనాలు ముందుకి కదలడం మానేశాయి. సంచీలో చెయ్యి పెట్టి దువ్వెన పట్టుకున్నాను. నోట నామం నిలవలేదు. అప్పుడు కిటికీ అవతల దుకాణాల బోర్డులు కనిపించాయి. కన్నడమే గానీ, చాలావరకు మన అక్షరాలే తలకట్టు మార్చుకుని నిలబడ్డట్టున్నాయి. బియ్యం పళ్ళెంలో వేలు పట్టుకుని దిద్దించిన నాన్నగారు గుర్తొచ్చారు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పోయాను. కొన్ని చదవగలిగాను, కొన్ని లేదు. ఎక్కడికి వెళ్ళినా దారి పక్కన నిలబడ్డట్టు ఆయన చదువు అక్కడ కూడా ఉంది. మెజెస్టిక్ అన్న బోర్డు నేనే చదువుకుని లేచాను.

ఆసుపత్రికి నడిచానో పరిగెత్తానో తెలియదు. బావగారు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. పైన, ఆపరేషన్ గది తలుపు ముందు చక్రాల మంచం మీద అక్క. జుట్టు విరబోసుకుని ఉంది. పక్కన నర్సమ్మ రిబ్బన్లు చేత్తో పట్టుకుని, ఇదేం మొండి మనిషి అన్నట్టు నన్ను చూసింది.

అంత బస్సూ నా ఒక్కదాని కోసమే బయల్దేరిందని చెబుతూ, పాయ తీసి అల్లడం మొదలుపెట్టాను. "గట్టిగా వెయ్యవే, ఊడిపోతుంది," అంది అక్క. రెండో జడ ముడి వేసి, చినతిరుపతి కుంకుమ పొట్లం విప్పాను. ముఖం మీద ఏమీ ఉండకూడదమ్మా అంది నర్సమ్మ. అక్క నా చెయ్యి పట్టుకుని నా నుదుటి వైపే తోసింది. "నువ్వు పెట్టుకో. నాకు పెట్టినట్టే."

పెట్టుకున్నాను. ముందు ఒకరు, వెనక ఇద్దరు చెయ్యి వేసి మంచం కదిపారు. తలుపు తెరిస్తే లోపల దీపాలన్నీ వెలిగించి, మాస్కులు కట్టుకుని ఎంతమందో నిలబడి ఉన్నారు. అక్క తల ఎత్తి వాళ్ళనందర్నీ చూసింది.

"చూశావుటే," అంది. "ఇదీ ఒక్కదాని కోసమే బయల్దేరింది."

తలుపు మూసుకుంది.

మర్నాడు అద్దం అవతల నుంచి చూపించారు. గొట్టాల మధ్య కళ్ళు మూసుకుని ఉంది. రెండు జడలూ భుజాల మీద అలాగే ఉన్నాయి. నేను నామం మొదలుపెట్టి మధ్యలో ఏడుపొచ్చి ఆగిపోయాను. నా పెదవులు ఆగడం ఎలా తెలిసిందో, ఎప్పుడు కళ్ళు తెరిచిందో. సూది గుచ్చిన చెయ్యి మెల్లగా ఎత్తి, తన జడే పట్టుకుని, నన్ను చూస్తూ ఒక్క గుంజు గుంజింది.