మేం సున్నం నూరిన గుడి

ఈ ఉదయం పటమటలో మా ఇంటి వరండాలో కాఫీ తాగుతుండగా తమ్ముడు ఫోన్లో ఒక ఫొటో పంపాడు. మా ఊళ్లో మేం విచారణ గుడి అని పిలుచుకునే కతోలిక చర్చి ముందుగోడ సగం కూలి ఉంది, రెండు గంటస్తంభాల మధ్య అలల్లా వంపులు తిరిగిన సున్నపు పని నేలమీద పెళ్లలై పడి ఉంది, పక్కనే అద్దాల కొత్త గుడి బొమ్మతో ఫ్లెక్సీ. నాకు ఒళ్లు మండిపోయింది.

సముద్రం దాటి వచ్చిన స్వాములు తమ దేశపు గుడి బొమ్మ గీసి ఇస్తే, కాలవ మట్టితో కాల్చిన ఇటుకలతో, తీరం నుంచి పడవల మీద వచ్చిన గుల్ల సున్నంతో మన తాపీ మేస్త్రీలే దాన్ని కట్టారు. పీఠం వెనుక మెలితిరిగిన స్తంభాలకు ద్రాక్షతీగ చుట్టమన్నారట. ద్రాక్ష ఎరగని మేస్త్రీలు పోకగెలలు దిద్ది పెట్టారు, వాటిని చూస్తూనే నేను జపాలు నేర్చుకున్నాను.

గుడి పండక్కి ముందు ఒక్కో వీధి ఆడవాళ్లది ఒక్కో గోడ. మా నాయనమ్మతో కూర్చుని బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోస్తూ సున్నాన్ని వెన్నలా నూరి, పెచ్చులూడిన చోటల్లా మెత్తేవాళ్లం. మా గోడ నునుపు చూసి పక్క వీధివాళ్లు మూతి తిప్పుకునేవారు. కాలవలకు నీళ్లు వదిలే రోజుల్లో గోడకెక్కిన చెమ్మను ఆ సున్నం బయటికి వదిలేసేది.

తర్వాత మా మగవాళ్లకు శుభ్రం మీద మోజు పుట్టింది. సిమెంటు పూసి, నడుమెత్తు దాకా బాత్‌రూము టైల్స్ అంటించి, ఆడవాళ్లకు చాకిరీ తప్పించామని గొప్పలు చెప్పుకున్నారు. బయటికి దారిలేని చెమ్మ లోపల ఇటుకను తినేసింది. ఊపిరాడకుండా చేసింది తామే అయ్యుండి, గోడ కుళ్లిందని గోడ మీద నేరం మోపడం ఎక్కడి న్యాయమండీ?

పోయిన ఆదివారం పూజ అయ్యాక జరిగిన మీటింగులో, వెనకాల ఎంత పెద్దదైనా కట్టుకోండి, ఆ ముందుగోడ ఒక్కటీ ఉంచండి, టైల్స్ ఊడదీస్తే ఆరుతుంది అని బతిమాలాను. కమిటీలో ఉన్న తమ్ముడే లేచాడు.

"ఈ రోజుల్లో సున్నం నూరేదెవరక్కా? నువ్వు నూరతావా?"

"నూరతాన్రా. మీ ఆవిణ్ణి కూడా పంపించు."

అందరూ నవ్వారు, కూల్చెయ్యడానికి చేతులెత్తారు. ఒకప్పుడు నా పక్కన కూర్చుని సున్నం నూరిన ఆడవాళ్లూ ఎత్తారు, నా కడుపుమంటంతా అదే.

కొత్త గుడిలో ఏసీ ఉంటుంది, ఎవరూ ఒళ్లు వంచక్కర్లేదు. ఇకమీదట పండక్కి మేమంతా పట్టుచీరలు కట్టుకుని, మా గుడికి మేమే చుట్టాల్లా వెళ్లి, ఎవరో వేసిన కుర్చీల్లో కాసేపు కూర్చుని వచ్చేస్తాం.